చలి కోడికా, మనకా?

మా పలమనేరు పక్క ఈమధ్య ఒక కొత్త జబ్బు మొదలైంది. కోళ్లకు కాదు, కోళ్లు పెట్టినోళ్లకు. కార్తీకం పోయి మార్గశిరం తగిలిందంటే చాలు, ఊళ్లో కోళ్ల షెడ్లన్నీ నీలం టార్పాలిన్ చుట్టుకుని మూటలైపోతాయి. సందు లేదు, గొందు లేదు, చీమ దూరే కంత కూడా ఉండదు. లోపల కోళ్లు, వాటి మధ్యలో ఒక బల్బు, కింద తడిసి ముద్దయిన పొట్టు. పొద్దున్నే పోయి ఆ పట్ట ఎత్తితే మన కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారతాయి. "చలికి కోళ్లు సచ్చిపోతా ఉండాయి తాతా" అని మా వీధి చివరి అబ్బాయి మొహం వేలాడేసుకుని వచ్చి చెప్తాడు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం మానేసి వచ్చి నాటుకోళ్లు పెట్టినోడు. "చలికేంది నాయనా, నువ్వు కప్పిన దుప్పటికే పోతా ఉండాయి" అంటే నమ్మడు. నమ్మకపోగా జేబులోంచి ఫోను తీసి, ఎక్కడో మంచు కురిసే దేశంలో తెల్లతోలాయన చెప్పే వీడియో పెడతాడు. నేను పుట్టి పెరిగిందే కోడిగూటి మీద కట్టిన తిన్నె పైన. నాకు వీడియో!

మా నేల సంగతి తెలియనివాళ్లకు రాయలసీమ అంటే ఎండే. తిరుపతిలో, చిత్తూరులో ఉన్నంతసేపు అది నిజమే. చిత్తూరు దాటి, బంగారుపాళ్యం వదిలి, మొగిలి కనుమ ఎక్కి చూడండి; చెయ్యి తనంతట తానే బస్సు కిటికీ అద్దం మూస్తుంది. చిత్తూరు సముద్ర మట్టానికి 300 చిల్లర మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు, మదనపల్లె 700 మీటర్లకు దగ్గరదగ్గరగా ఉంటాయి. హార్స్లీ కొండ 1,265 మీటర్లు. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ దొర ఎండలు పడలేక 1870 ప్రాంతంలో అక్కడ బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. ఇక ధనుర్మాసం వచ్చిందంటే, తిరుమలలో సుప్రభాతం మాని తిరుప్పావై చదివే ఆ నెలంతా, కుప్పం, పుంగనూరు, పలమనేరు పక్కల తెల్లవారుజామున మంచుకు ఎదుటి మనిషి ఆనడు.

ఆ చలి ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు. దానికి ముందు ముసురు ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలని రేడియోలో చెప్తారే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అవి మావే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మా పైకి మూడు రోజులు దిగులు వాన. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయి పారింది అట్లాంటి ముసురుకే. తడి ముందు వస్తుంది, దాని వెనకాలే చలి వస్తుంది. ఈ రెండింటిలో కోడికి శత్రువు ఏదో మా అవ్వకు తెలుసు. ఆమె బడికి పోలేదు.

మా ఇంటి కోడిగూడు వీధి తిన్నె కిందే ఉండేది. తిన్నె కట్టేటప్పుడే అడుగున గది వదిలేవాళ్లు. అడుగు చప్టా బండ, గోడలు మట్టీ రాయీ, పైకప్పు తిన్నె బండే. వాకిలి మూరెడు ఎత్తు. దానికి అడ్డంగా ఒక నాపరాయి పలక. సాయంత్రం అది జరిపి, వెనక ఒక గుండు ఆనిస్తే బావురుపిల్లి తలకిందులుగా తపస్సు చేసినా లోపలికి రాలేదు. అసలు విశేషం ఇంకొకటి ఉంది. ఆ గూటికి పైభాగాన, బండ కిందుగా, పిడికిలి పట్టేంత కంతలు రెండు వదిలేవాళ్లు, ఎదురెదురు గోడల్లో. వాటిని ఎంత చలి ఉన్నా మూసేవాళ్లు కాదు. చిన్నప్పుడు ఒక మంచు రాత్రి, పాపం కోళ్లకు చలేస్తుందని నేనొక కంతలో గోనెపట్ట కుక్కితే, పొద్దున అవ్వ దాన్ని పీకి నా నెత్తిన వేసింది. "నీ ముక్కు మూసి దుప్పటి కప్పితే నీకెట్లుంటుందిరా?" అనింది. ఇప్పుడు పశువైద్యులు గాలి మార్పిడి గురించి గంటసేపు చెప్పే పాఠం ఆ ఒక్క మాటలో ఉంది.

పాఠం కూడా చెప్తాను, వినండి. కోడి ఒంటి వేడి సుమారు 106 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకైతే అది మంచం పట్టే జ్వరం, దానికి మామూలు. ఒళ్లంతా ఈకలు. చలేస్తే ఈకలు లేపుకుంటుంది. ఈకల మధ్య చేరిన గాలి వెచ్చగా ఉండిపోతుంది. తల తెచ్చి రెక్క కింద పెట్టుకుంటుంది, వేళ్ల మీద పొట్ట ఈకలు పరుచుకుంటుంది. ఇంకేం కావాలి? పెద్ద కోడికి మా చలి ఒక లెక్కా? అయితే దానికి చెమట పట్టదు. ఒంట్లో నీరు ఊపిరితోనూ రెట్టతోనూ పోవాల్సిందే. ఒక షెడ్డు కోళ్లు ఒక రాత్రి వదిలే ఆవిరి అంతా ఇంతా కాదు. ఆ వెచ్చటి ఆవిరి పైకి లేస్తుంది. పైన కంత ఉంటే బయటికి పోతుంది. లేకపోతే చల్లటి రేకుకు తగిలి నీళ్లయి, తిరిగి కోళ్ల వీపు మీదే రాలుతుంది. ఈక తడిసిందా, లేపుకోను పనికిరాదు. అప్పుడు చలి నిజంగానే చంపుతుంది. తడిసిన పొట్టులో రెట్ట మురిగి అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండేది దానికే. మనం నిలబడి ఉంటాం కాబట్టి మనకు కాస్త తక్కువ. కోడి ముక్కు ఉండేది నేలకు జానెడు ఎత్తులో. షెడ్డులో గాలి ఎట్లుందో చూడాలంటే గొంతుకూర్చుని కోడి ఎత్తున పీల్చి చూడాలి. మా వీధి అబ్బాయి జీన్స్ ప్యాంటు మాసిపోతుందని కూర్చోడు.

రేకుల సంగతి వచ్చింది కాబట్టి అది కూడా తిట్టేస్తాను. మా కాలంలో గూడు కాక విడిగా కోళ్లకు కొట్టం వేస్తే బోద గడ్డి కప్పేవాళ్లం. బోద లేకుంటే చెరుకాకు. అది ఆవిరి పీలుస్తుంది, నీళ్లు రాల్చదు, వేసవిలో చల్లగా చలికాలం వెచ్చగా ఉంటుంది. ఇప్పుడు అందరికీ నీలం రేకు కావాలి, రోడ్డు మీద పోయేవాళ్లకు మెరిసి కనపడాలి. ఆ రేకు ఏప్రిల్‌లో పెనం, డిసెంబరులో మంచుగడ్డ. కోళ్లు కూర్చోను మేము సరుగుడు కట్టెనో చింత కొమ్మనో చెక్కి అడ్డంగా వేసేవాళ్లం. పైభాగం కాస్త చదునుగా ఉంటే పాదం మొత్తం ఆనుతుంది, ఈకలు వేళ్లను కప్పుతాయి. ఇప్పుడు వెల్డింగు షాపులో ఇనుప పైపు కోయించుకొస్తున్నారు. రాత్రంతా ఆ పైపు కోడి కాళ్లలోని వేడిని లాగేస్తూ ఉంటుంది. ఎందుకురా అంటే కట్టెకు చెద పడుతుందంట.

బోద కొట్టానికి మా పక్క ఒక ఇబ్బంది లేకపోలేదు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగితే కొట్టమూ మిగలదు, పక్కన చెరుకూ మిగలదు. అయితే వాటి ముందు రేకుల షెడ్డు నిలబడిందీ లేదు.

పిల్లల విషయానికి వస్తే లెక్క మారుతుంది. పెద్ద కోడికి చలి ఆటయితే, నిన్న గుడ్డులోంచి వచ్చిన పిల్లకు అది చావే. దాని ఒంటి మీద ఉండేది నూగు, ఈకలు కావు. ఒళ్లు కాచుకునే శక్తి దానికింకా రాదు. మా నాడు దానికి ఉపాయం ఎవరూ వెతకలేదు, వెతకాల్సిన పని రాలేదు. తల్లి ఉంది కదా. ఇరవయ్యొక్క రోజులు పొదిగి, పిల్లలు లేచినాక రెక్కలు దించి కూర్చుంటే పది పన్నెండు పిల్లలు మాయం. ఒకటి మాత్రం మెడ దగ్గర ఈకల్లోంచి తల బయటపెట్టి లోకం చూస్తా ఉంటుంది. పిల్లకు వేడెక్కువైతే అదే బయటికి వస్తుంది, చలేస్తే అదే దూరుతుంది. ఏ మీటా నొక్కక్కర్లేదు, కరెంటు పోదు.

అవ్వ పొదుగుకు పెట్టే పద్ధతి చూసి తీరాల్సిందే. మేదరోళ్లు అల్లిన పాత గంపలో సగం దాకా వరి పొట్టు, మధ్యలో చేత్తో గుంట. పేలు పట్టకుండా అడుగున సీతాఫలం ఆకు, వేపాకు. గుడ్లను సాయంత్రం దీపం ముందు పట్టి చూసి ఏరేది. పెట్టేటప్పుడు ఒక ఇనుప ముక్కా, ఒక బొగ్గూ పక్కన పెట్టేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అంట. ఆ ఇనుప ముక్క ఏం చేసిందో నేను చెప్పలేను గానీ, వాయుగుండాల నెలల్లో ఆమె అసలు పొదుగే పెట్టేది కాదు, అది మాత్రం గట్టి లెక్క. సంక్రాంతి పోనీ, నేల ఆరనీ, అప్పుడు చూద్దాం అనేది. పిల్లలు లేచేసరికి పగటి ఎండ వెచ్చబడేది. ఇప్పుడు? సంక్రాంతికి కోడి అమ్మాలి కాబట్టి నడి ముసురులో పిల్లల్ని తెచ్చి దింపుతారు. కాలాన్ని బట్టి కోడి పోయి, బేరాన్ని బట్టి కోడి వచ్చింది.

పైగా ఇప్పటి పెట్టలకు పొదగడం చేతకాదు. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం వాళ్లు తీసిన వనరాజా, గ్రామప్రియ మంచి కోళ్లే, కాదనను. నాటు పెట్ట ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెడితే గొప్ప. ఇవి దానికంటే చాలా ఎక్కువ పెడతాయి. రంగూ ఉంది, బరువూ ఉంది. కానీ పొదిగే గుణం వాటిలో సన్నగిల్లింది. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు మానేస్తుంది కదా, ఎక్కువ గుడ్ల కోసం ఏరుకుంటూ పోతే ఆ గుణమే పోతుంది. తల్లిని తీసేశారు, ఆమె చేసే పని బల్బుకు అప్పజెప్పారు. పోనీ ఆ బల్బయినా సరిగ్గా పెట్టారా?

దానికి లెక్కుంది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కిందే కుప్పపడి కీచుకీచుమంటే చలి. దూరంగా అంచులకు పోయి నోరు తెరిస్తే వేడెక్కువ. అన్నీ ఒక పక్కకే ఒరిగితే ఎదటి పక్కనుంచి ఈదురుగాలి కొడతా ఉంది. చెల్లాచెదురుగా తింటా, తాగుతా, అక్కడక్కడ కాళ్లు చాచి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. చుట్టూ అడుగున్నర ఎత్తు రేకో అట్టో గుండ్రంగా తిప్పాలి. గుండ్రంగానే ఎందుకంటే, మూల ఉంటే చలికి పిల్లలన్నీ ఆ మూలకు చేరి ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. పొద్దునకు కింది వరుస ఊపిరాడక పోయుంటుంది. చలికి పోయాయనుకునే పిల్లల్లో చాలా ఇట్లా నలిగి పోయినవే.

పోయిన పుష్యంలో జరిగిన సంగతి. మా వీధి అబ్బాయి రెండు వందల పిల్లల్ని తెచ్చాడు. తెచ్చిన రాత్రే కరెంటు పోయింది. అంతవరకు ఎవరి తప్పూ లేదు. వాడు తెలివిగా రెండు కుంపట్లు నిండా బొగ్గు రాజేసి షెడ్డులో పెట్టి, వేడి పోకుండా టార్పాలిన్ అడుగు దాకా దించి, దాని మీద ఇటుకలు పేర్చి, ఇంటికిపోయి పడుకున్నాడు. పొద్దున నన్ను పిలిస్తే పోయాను. షెడ్డులో వెచ్చగా ఉంది. పిల్లలు కుప్పపడి లేవు, చెల్లాచెదురుగా, నిద్రపోయినట్టే పడున్నాయి. ముక్కాలు భాగం పోయాయి. "వెచ్చగానే ఉండింది కదా తాతా, ఎట్ల పోయినాయి?" అని వాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. బొగ్గు గాలి చాలక కాలితే వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండదు. వాడు ఆ షెడ్డులోనే పడుకుని ఉంటే వాణ్ణి కూడా మోసుకొచ్చేవాళ్లం. మేమూ కుంపటి వాడేవాళ్లం, తల్లి చచ్చిన పిల్లలకు. బయట వసారాలో బొగ్గు పూర్తిగా ఎర్రబడి పొగ చచ్చినాక, ఇసుక పోసిన కుండలోకి ఎత్తి, కుండను గంప పక్కన ఆనించేవాళ్లం. గంప అల్లికలో గాలి ఆడుతుంది. పట్టతో మూయడం అనేది మా బుర్రకు తట్టలేదు, ఎందుకంటే మాకు పట్టలు లేవు. కొన్నిసార్లు లేమి కూడా కాపాడుతుంది.

చలిలో గాలిని మూయకూడదనే సంగతి మా పక్కవాళ్లకు కొత్త కావాల్సిన పని లేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ ఆసుపత్రి మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ డాక్టరు దాన్ని నిలబెట్టాడు. క్షయకు మందు లేని కాలం అది. ఎత్తు ప్రదేశం, చల్లటి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. రోగుల్ని గాలి ఆడే వసారాల్లో పడుకోబెట్టేవాళ్లు, దుప్పట్లు కప్పి. దాదాపు ఆ కాలంలోనే, 1912లో, అమెరికాలో ప్రిన్స్ వుడ్స్ అనే వైద్యుడు కోళ్ల ఇళ్ల మీద ఒక పుస్తకం రాశాడు. మంచు దేశంలో కూడా కోళ్ల కొట్టానికి దక్షిణపు వైపు గోడే వద్దన్నాడు, వల చాలన్నాడు. మిగతా మూడు పక్కలూ గాలి చొరకుండా గట్టిగా కట్టు, కొట్టాన్ని లోతుగా కట్టు, కోళ్లు కూర్చునే కట్టెలు వెనక గోడ దగ్గర పెట్టు. గాలి మారుతుంది గానీ ఈదురు కోడి దాకా రాదు. చదివినప్పుడు నాకు మా గూటి కంతలు గుర్తొచ్చాయి. ఒకటి మాత్రం తేడా. వాళ్లు దక్షిణం తెరిచేది వాలిన చలికాలపు ఎండను లోపలికి పిలవను. మాకు ఎండతోనే ఎక్కువ నెలలు గొడవ కాబట్టి పొడుగాటి షెడ్డు తూర్పు పడమరలుగా వేస్తాం, ఎండ నేరుగా పడకుండా. చూసిన ప్రతి బొమ్మనూ ఇక్కడ దించితే కుదరదు.

ఇక మా అమ్మాయి సంగతి. ఆమె మిషిగన్‌లో ఉంది. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది, బర్డ్ ఫ్లూతో అన్ని కోళ్లు పోయాయి మరి. దాంతో చాలామంది పెరట్లో కోళ్లు పెట్టారు, మా అల్లుడూ పెట్టాడు. ఆ గూడు ఖరీదు రూపాయల్లో చెప్తే మా ఆవిడ మూడు రోజులు అన్నం తినలేదు. కిటికీలు, చిన్న నిచ్చెన, తనంతట తెరుచుకునే తలుపు. పెట్టలు మాత్రం నాలుగు. పుంజు ఉండకూడదంట, ఆ ఊరి మునిసిపాలిటీ ఒప్పుకోదంట, కూస్తుందని! కుక్క మొరగవచ్చు, గడ్డి కోసే మిషన్ పొద్దున్నే గుర్రుమనవచ్చు, కోడి కూయకూడదు. కూయని కోడి ఇంటికి తెల్లవారేది ఎట్లనో నాకైతే తెలియదు.

జనవరిలో వీడియోలో ఏడుపు. "నాయనా, పెట్ట జుట్టు చివర్లు నల్లబడ్డాయి." బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. తెల్ల లెగ్‌హార్న్ పెట్ట, వాటికి పెద్ద ఎర్ర జుట్టు వేలాడుతుంది. గూడు చూపించమన్నాను. అన్ని కిటికీలూ మూసి, సందుల్లో టేపు అంటించి పెట్టారు. అద్దాల లోపలి పక్కన నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. పైన ఎర్రగా మండే వేడి దీపం వేలాడుతోంది, దాని కింద ఎండు గడ్డి. తడి తగిలిన జుట్టే చలికి ముందు చస్తుంది. పొడిగా ఉంటే చాలా దూరం తట్టుకుంటుంది. ముందు ఆ దీపం తీయమన్నాను, ఇల్లు అంటుకోకముందే. అక్కడి వ్యవసాయ కాలేజీల వాళ్లూ అదే చెప్తారు, ఆ దీపాలతో ఏటా కొట్టాలు తగలబడుతూనే ఉంటాయని. చూరు కింద, కోళ్ల తలలకంటే ఎత్తున రెండు పక్కలా టేపు పీకమన్నాను. పొట్టు మందంగా పోసి తడిసింది ఎప్పటికప్పుడు తీయమన్నాను. సాయంత్రం పడుకోబోయే ముందు గుప్పెడు మొక్కజొన్న వేయమన్నాను. మేము రాగులో సజ్జలో వేసేవాళ్లం. నిండిన ఎర సంచి రాత్రంతా అరుగుతా ఒంటికి వేడి ఇస్తుంది. గడ్డకట్టని నీళ్ల సంగతి మాత్రం నా చేతిలో లేదు. దానికి వాళ్లు కింద వేడెక్కే పళ్లెం కొన్నారు, అది పనికొచ్చే వస్తువే.

కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని ఓకా అనే ఊరి మఠంలో విల్‌ఫ్రిడ్ అనే సన్యాసి ఈ జుట్టు గొడవ చూసే 1908లో ఒక కొత్త జాతి తీయడం మొదలుపెట్టాడు, షాంటెక్లేర్ అని. జుట్టు చిక్కుడు గింజంత, గడ్డం కింద వేలాడే తోలు దాదాపు లేదు. మంచు కొరకడానికి దొరకదు. మన అసీల్ పుంజుకు కూడా జుట్టు పొట్టిదే. మనవాళ్లు పందెం కోసం ఏరుకున్నారు, ఆయన చలి కోసం ఏరుకున్నాడు. ఆ అసీల్‌నే ఇంగ్లండువాళ్లు తీసుకుపోయి కార్నిష్ కోడిని చేశారు. ఆ కార్నిష్ రక్తమే ఇవాళ్టి బ్రాయిలర్‌లో ఉంది. మన పుంజు మనవడే ప్లాస్టిక్ సంచిలో ముక్కలై మన ఇంటికే వస్తున్నాడు. వచ్చినోడికి రుచి లేదు, కాళ్లలో బలం లేదు, అది వేరే సంగతి.

చిత్తూరువాళ్లకు కోళ్ల గురించి చెప్పడానికి నేనెవరిని? పశువైద్యుడు సుందరనాయుడు గారు డెబ్బైల మొదట్లో ఇక్కడ బాలాజీ హేచరీస్ మొదలుపెట్టినప్పటి నుంచి మా జిల్లా గుడ్ల జిల్లా. 1982లో బి.వి.రావు గారి చొరవతో నెక్ అనే గుడ్ల సమన్వయ సంఘం పుట్టాక గుడ్డు ధర దళారీ నోటి నుంచి రైతు చేతికి వచ్చింది. ఇవాళ్టికీ ఆ రోజువారీ రేట్లలో చిత్తూరు రేటు వేరుగా పడుతుంది. ఆ పెద్ద ఫారాల వాళ్లు పక్క పరదాలు కింది నుంచి పైకి లేపుతారు, పైన జానెడు వదిలి. పిల్లలున్న షెడ్డులో కూడా పగలు కాసేపు దించుతారు. వాళ్లకు తెలుసు. తెలియనిది ఈ మధ్యరకం వాళ్లకే, అటు గంపా పోయి, ఇటు ఫారమూ చేతకాక.

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలానికి దండం పెడతాను, కొంచెం అయిష్టంగానే. కొక్కెర రోగం. మా నాడు చలికాలం పోయి ఎండలు ముదిరేలోపు ఎప్పుడో ఒకసారి అది వచ్చేది. పచ్చగా పారుకుని, మెడ వంకర తిరిగి, గుండ్రంగా తిరుగుతా పడిపోయేవి. వారంలో ఊరు ఊరంతా కూతలు ఆగిపోయేవి. బోయకొండ గంగమ్మకు మొక్కుకున్న పుంజు కూడా మిగిలేది కాదు. గంగమ్మ కోపమన్నారు, ఎవరి కన్నో పడిందన్నారు. దొరలు దానికి హిమాలయాల్లోని రాణిఖేత్ పేరు పెట్టారు. దానికి టీకా వంగడం ఒకటి అక్కడికి దగ్గరలోని ముక్తేశ్వర్ పరిశోధనశాలలోనే తయారైంది. ఇప్పుడు వారం పిల్లకు కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది, అంతే. 1955 నుంచి తిరుపతిలో ఉన్న పశువైద్య కళాశాలలో చదివిన పిల్లలు ఊరూరికీ వచ్చి నేర్పిన పని ఇది. ఐస్ వేసిన ఫ్లాస్కులో మందు తెచ్చి, ఎండ ఎక్కకముందే వేసేయాలి. కోడి చలిని ఓర్చుకుంటుంది, దాని మందు చలి లేకపోతే చస్తుంది. అదీ విడ్డూరం.

ఇంకో భయం కొత్తది. చలికాలం నేలపట్టుకూ పులికాటుకూ దేశాంతరాల నుంచి పక్షులు వస్తాయి. సూళ్లూరుపేటలో పండగ కూడా చేస్తారు. చూడ్డానికి బాగుంటాయి. వాటితో ఏ రోగం వస్తుందో కంటికి కనపడదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, ఆ మరుసటి ఏడు గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి లక్షల కోళ్లు పోయాయి. కోళ్లు వీధి మీద పడి చెరువు గట్టు దాకా మేసి రావడం మా కాలపు అందం. ఆ పక్షులు వచ్చే చలికాలపు నెలల్లో ఇప్పుడది కుదరదు. వల చాటున, బాతులూ కొంగలూ దిగే నీళ్లకు దూరంగా పెట్టాల్సిందే. నాకు నచ్చకపోయినా అంతే. ఆ వల కూడా సన్న జాలీ కాకుండా గట్టి వెల్డు జాలీ అయ్యుండాలి. సన్న జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ ముంగిసను బయట ఉంచదు.

మా వీధి చివరి అబ్బాయి మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి ఫోను తీయలేదు. చూరు కింద మూరెడు మేర పట్ట కోసేశానన్నాడు. కళ్లు మండటం తగ్గిందన్నాడు. రేకు మీద బోద పరిస్తే ఎట్లుంటుందని అడిగాడు. బాగుంటుంది గానీ బోద ఎక్కడ దొరుకుతుంది? గట్లన్నీ జేసీబీతో చెక్కేశారు, చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయారు, కొట్టం కప్పే పనితనం ఉన్నవాళ్లు ఊరికొకరు మిగిలారు. ఉన్న ఒక్కడూ ఇప్పుడు రిసార్టులకు గుడిసెలు కప్పడానికి బెంగళూరు పోతున్నాడు, రోజుకు వాడడిగే కూలి నేను పైకి చెప్పలేను. అంత దూరం నుంచి వచ్చి ఆ గుడిసెలో కూర్చున్నోళ్లు అడిగేదేంది? రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆ కోడికి మాత్రం రేకుల షెడ్డు. కౌండిన్య అంచున ఇంకా కాస్త బోద ఉంది, చోటు నేను చూపిస్తానన్నాను. "కోసి మోసేది ఎవరు తాతా?" అన్నాడు. నా మోకాళ్ల వైపు చూపించి, వాడి భుజాల వైపు చూశాను.